బుల్లెట్‌కి ఆర్పీఎం మీటరు: తిరుపతిలో నా అనుభవం

పోయిన ఏడాది నుంచి నాకు ఎడమ చెవి సరిగా వినపడదు. మాటామంతీ వరకూ కుడి చెవితో నెట్టుకొస్తా గానీ, హెల్మెట్ పెట్టి బండెక్కితే గాలి హోరు తప్ప ఇంకేమీ తెలియదు. చెవి మిషన్ ఉంది. దానికి హెల్మెట్ తగిలితే చాలు, కుయ్యిమని కూత పెడుతుంది. తీసి జేబులో వేసుకోవాల్సిందే. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను బుల్లెట్‌కి ఆర్పీఎం మీటరు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది) పెట్టించానని తెలిసిన ప్రతివాడూ ఒకటే మాట: "డుగ్గు డుగ్గుమని అదే చెప్తా ఉంటాది కదన్నా, మళ్లా మీటరెందుకు?"

నాది 2016 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బురేటర్ బండి. కంపెనీ వాళ్లిచ్చింది స్పీడు మీటరే, ఆర్పీఎం ఉండదు. ఇన్నేళ్లూ శబ్దం విని గేరు మార్చా. ఇప్పుడు ఆ శబ్దం అందదు. ఒకరోజు లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడింది, బండి ఆగిపోయిందనుకొని సెల్ఫ్ నొక్కా. ఆగలేదది. పక్కన ఆటోలో ఉన్నోళ్లంతా ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నాకు మాత్రం బొటనవేలి కింద గరగరమని అదురు తెలిసింది, అంతే. భాకరాపేట ఘాట్లో ఇంకా ఘోరం. మూడో గేర్లో బాగానే లాగుతోందని నేననుకుంటుంటే, వెనక కూచున్న మా ఆవిడ భుజం తట్టి "బండి కొట్టుకుంటా ఉండాది, గేరు తగ్గించు" అని చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు బండి తీయబుద్ధి కాలేదు. అమ్మేద్దామని కూడా అనుకున్నా. అట్లాంటప్పుడు తట్టిన ఆలోచన ఇది: చెవి చెప్పేది కంటికి చెప్పించుకుంటే పోలా.

జూన్ 5న ఆన్‌లైన్‌లో ఒక మీటరు బుక్ చేశా, 1,350 రూపాయలు. ఫొటోలో డయల్ మీద ఆఖరి అంకె 8, అంటే 8,000 దాకా. 14న పార్సిల్ విప్పితే 13,000 దాకా ఉన్న డయల్ వచ్చింది. ఏముందిలే, అదీ మీటరే కదా అనుకునేరు. తేడా చాలా ఉంది. నా బండికి కంపెనీ లెక్క ప్రకారం టార్కు, అంటే లాగే బలం, గరిష్ఠంగా వచ్చేది 4,000 దగ్గర, పవరు 5,250 దగ్గర. నేను రోజూ తిరిగేది వెయ్యికీ నాలుగు వేలకీ మధ్యలో. 13,000 డయల్ మీద ఇదంతా మొదటి మూడో వంతులోనే ఇరుక్కుపోతుంది. రెండు వేలకీ రెండున్నర వేలకీ మధ్య ముల్లు జరిగేది గోరంత. మిగతా డయలంతా ఊరికే అలంకారం. రిటర్న్ పెట్టేలోపే మా వీధిలో ఆర్ఎక్స్ 100 ఉన్న కుర్రాడు చూసి వెయ్యికి తీసుకున్నాడు. అది 7,500 దగ్గర పవరిచ్చే టూ స్ట్రోక్ బండి, దానికి ఆ డయల్ సరిగ్గా సరిపోతుంది.

తిరుపతిలో గాంధీ రోడ్డు నుంచి రేణిగుంట రోడ్డు దాకా అడిగా. స్పేర్ పార్టుల షాపుల్లో కేబుల్‌తో తిరిగే పాతరకం మీటర్లు ఒకటి రెండు చూపించారు. కేబుల్ తగిలించడానికి ఇంజన్ దగ్గర గేరు ఉండాలి, నా బండికి లేదు. కరెంటుతో నడిచే రకమే కావాలి. చివరికి జూన్ 21 శనివారం పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లా. సెంట్రల్లో దిగి ఆటోలో జీపీ రోడ్డు. జనరల్ ప్యాటర్స్ రోడ్డంటే మన చిత్తూరు, తిరుపతి మెకానిక్కులందరికీ తెలిసిందే, కారుకైనా బైకుకైనా ఏ సామానైనా అక్కడే. ఆదివారం వెళ్తే సగం షట్టర్లు దించి ఉంటాయి, శనివారం పెట్టుకోండి. నా అరవం చూసి షాపాయనే తెలుగులోకి దిగాడు. 60 మిల్లీమీటర్ల గుండ్రటి మీటరు, 8,000 దాకా డయల్, క్లాంపుతో కలిపి 2,600 చెప్పి 2,100కి ఇచ్చాడు. బ్యాటరీకి తగిలిస్తే ముల్లు చివరిదాకా ఎగిరి మళ్లీ సున్నాకి వచ్చి కూచుంది. "పర్ఫెక్ట్ సార్" అన్నాడాయన. నిజానికి దానివల్ల తెలిసేది లోపల మోటరు తిరుగుతోందని మాత్రమే. ఇంజన్ లెక్క సరిగా పడుతుందా లేదా అన్నది బండికి పెడితే గానీ తేలదు.

కొనేటప్పుడు నేను పట్టుబట్టి చూసుకున్నది ఒక్కటే, వెనక సెట్టింగు స్విచ్చు ఉందా లేదా అని. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ఎన్ని స్పార్కులొస్తాయో మీటరుకి మనం చెప్పాలి. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండరుకి నిజంగా కావాల్సింది రెండు చుట్లకి ఒక స్పార్కే. కానీ నా బండిలో చుట్టుకొకటి వస్తుంది, ఒకటి మండించడానికి, ఒకటి వృథాగా. కాబట్టి సెట్టింగు 1 మీద ఉండాలి. 0.5 మీద ఉంటే చూపించేది రెట్టింపు, 2 మీద ఉంటే సగం. ఈ స్విచ్చు లేని మీటరు వంద రూపాయలకిచ్చినా వద్దు.

జూన్ 28న మా ఇంటికి దగ్గర్లోని ఒక ఎలక్ట్రికల్ షాపులో బిగించడానికి ఇచ్చా. పదకొండుకి రమ్మన్నాడు, బండి మీద చెయ్యి పడింది మూడున్నరకి. పని మాత్రం ముప్పావు గంటలో అయిపోయింది. ట్యాంకు లేపి, ప్లగ్గుకి స్పార్కు పుట్టించే కాయిల్‌కి వచ్చే సన్న వైర్లలో ఒకటి గీకి సిగ్నల్ వైరు చుట్టాడు. ప్లస్ హారన్ లైను నుంచి తీశాడు. ఎర్త్, అంటే మైనస్ నల్ల వైరు, హెడ్‌లైట్ డూము బోల్టుకి బిగించాడు. ఎక్కువైన వైరంతా ప్లగ్గు వైరుతో కలిపి ట్యాగులేసి కట్టేశాడు, చూడ్డానికి నీట్‌గానే ఉంది. "ఫ్యూజు వేయవా?" అంటే "దీనికెందుకు సార్, ఇదేమన్నా హెడ్‌లైటా" అన్నాడు. 500 తీసుకున్నాడు.

స్టార్ట్ చేస్తే స్లోలో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే తిరుగుతుంటే, 2,000 చూపించింది. సెట్టింగు 0.5 మీద ఉంది, 1కి మారిస్తే వెయ్యికి దిగింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎదురుగా ముల్లు సన్నగా వణుకుతా వెయ్యి మీద నిలబడితే, బండి ప్రాణంతో ఉందని చాలా నెలల తర్వాత నాకు నేనుగా తెలిసింది, ఎవరూ భుజం తట్టకుండా.

ఆ సంతోషం అన్నమయ్య సర్కిల్ దాకే. మూడు వేలు దాటగానే ముల్లు ఐదున్నరకి ఎగిరింది, పడింది, మళ్లీ ఎగిరింది. హారన్ కొడితే కిందికి జారింది. ఇంటి ముందు బండి తిప్పడానికి హ్యాండిల్ పూర్తిగా ఎడమకి మడిస్తే మీటరు లైటు మినుకుమినుకుమంది. షాపుకి మళ్లీ వెళ్తే "చైనా మాల్ సార్, అంతే ఉంటాది" అన్నాడు. తర్వాత వెళ్లినప్పుడు కూడా అదే మాట, ఈసారి తలెత్తి కూడా చూడలేదు.

జూలై మొదటి వారం నాకు చాలా చిరాగ్గా గడిచింది. మీటరు లేనప్పుడు కనీసం అదురు మీద ధ్యాస ఉండేది. ఇప్పుడు కళ్లు రోడ్డు వదిలి ముల్లు మీదకి పోతున్నాయి, ఆ ముల్లేమో అబద్ధం చెప్తోంది. తప్పు చూపించే మీటరు ఉండేకంటే లేకపోవడం నయం. ఊడబీకేద్దామా అని రోజూ అనుకునేవాణ్ణి.

ఈ బాధ విని మా ఆఫీసులో ఒకతను రేణిగుంట రోడ్డు వైపు ఒక పెద్దాయన దగ్గరికి పంపించాడు. ఆయన బైకులు పెద్దగా చూడడు. ఆటోలు, ట్రాక్టర్ల సెల్ఫ్ మోటర్లు, డైనమోలు చుడతాడు. వెంటనే చేయనన్నాడు, 12వ తేదీ శనివారం పొద్దున్నే రమ్మన్నాడు. వెళ్తే బండి విప్పలేదు. స్టార్ట్ చేయమన్నాడు, హెడ్‌లైట్ వేయమన్నాడు, మల్టీమీటరు తెచ్చి ఒక పుల్ల మీటరు నల్ల వైరుకి, రెండోది బ్యాటరీ మైనస్‌కి ఆనించాడు. 0.6 చూపించింది. నా వైపు తిప్పి చూపించాడు.

"మైనస్‌కీ మైనస్‌కీ మధ్య అర వోల్టు పైన ఎట్ల ఉంటాది నాయనా? సున్నా ఉండాల కదా."

విషయం ఏమిటంటే, డూముకి పెయింటు ఉంటుంది, డూము నుంచి ఫ్రేముకి కరెంటు పోవాలంటే హ్యాండిల్ కింద గ్రీజు పూసిన బేరింగులు దాటాలి. ఎర్త్ అందదు, అందినా హ్యాండిల్ తిప్పినప్పుడల్లా మారుతుంది. ఆయన ఆ బోల్టు ఊసే వదిలేసి కొత్త నల్ల వైరు ఒకటి నేరుగా బ్యాటరీ మైనస్ దాకా లాగాడు. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పుతా, వైరు ఎక్కడా బిగుసుకోకుండా నాలుగు వేళ్ల వదులు వదిలాడు. మినుకు పోయింది.

తర్వాత ట్యాంకు దించి ఆ నీట్‌గా కట్టిన ట్యాగులన్నీ కత్తిరించాడు. ప్లగ్గు వైర్లో పోయేది వేల వోల్టులు, దాన్ని ఆనుకొని సిగ్నల్ వైరు పోతే ప్రతి స్పార్కుకీ దీంట్లోకీ దూకుతుంది. మీటరు దాన్ని కూడా లెక్కేస్తుంది. సిగ్నల్ వైరుని ఫ్రేము గొట్టానికి అవతలి పక్క నుంచి తీసుకొచ్చాడు. ఒకచోట దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాడు గానీ పక్కపక్కన పోనివ్వలేదు. నా బండికి రెండు ప్లగ్గులు కాబట్టి ఈ తలనొప్పి కూడా రెండింతలు. రెండు క్యాపులూ పీకి చూశాడు. ఒకటి బిగువుగా వచ్చింది. రెండోది వేలు తగలగానే ఊడొచ్చింది, లోపల తెల్లగా బూడిద. అక్కడ ఎన్నాళ్ల నుంచో గాల్లోకి స్పార్కు కొడుతోంది. కొత్త క్యాపు వేశాడు. అది వేసిన తర్వాత బండి స్లో కూడా కుదురుకుంది, మీటరుతో సంబంధం లేకుండా నాకు దక్కిన లాభం అది.

ఇంత చేసినా నాలుగు వేల దగ్గర ముల్లు ఇంకా కొంచెం దడదడలాడింది. పెద్దాయన కాసేపు బీడీ కాల్చి, డబ్బాలో వెతికి ఒక రెసిస్టర్ తీశాడు. కాయిల్‌కి టీసీఐ (స్పార్కు ఎప్పుడు పడాలో చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బా) కరెంటు తెంపిన ప్రతిసారీ ఆ వైర్లో వందల వోల్టులు లేస్తాయి. మీటరు లెక్కపెట్టేది ఆ లేవడాన్నే. కానీ అది ఒక్కసారి లేచి ఊరుకోదు, గంట కొట్టిన తర్వాత మోత నిలిచినట్టు కాసేపు ఊగుతుంది. ఆ ఊగడాన్ని కూడా స్పార్కనుకుంటే లెక్క ఎక్కువొస్తుంది. సిగ్నల్ వైరు మధ్యలో రెసిస్టర్ వేస్తే ఊగుడు అణుగుతుంది. మొదట 47 కిలో ఓముల్ది పెట్టాడు, ముల్లు అసలు లేవలేదు. 10 కిలో ఓముల్ది పెడితే లేచింది, నిలబడింది. రెండు రూపాయల వస్తువు. కాళ్లు మడిచి కింద కూచొని, సాల్డర్ కరిగి వైరు పోగుల మధ్యకి ఇంకేదాకా ఊపిరి బిగబట్టి, దాని మీద స్లీవ్ జరిపి లైటర్‌తో వెచ్చజేసి బిగుసుకునేలా చేశాడు. గీకి చుట్టి టేపేసిన పాత జాయింట్లన్నీ అట్లాగే మార్చాడు.

ప్లస్ హారన్ లైన్లోంచి తీసేసి, తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి ఇచ్చాడు, మధ్యలో 2 ఆంపియర్ల ఫ్యూజుతో. మీటరు తినేది ఏమంత కాదు, ఫ్యూజు దాని కోసం కాదు. ఆ సన్న వైరు ఎక్కడైనా రాసుకొని షార్టయితే మొత్తం వైరింగు కాలకుండా. మీటరు లోపలి లైటు పార్కింగ్ లైట్ వైరుకి కలిపాడు. క్లాంపు హ్యాండిల్ మీద కాస్త లూజు ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాడు, బుల్లెట్ అదురుకి అది ఎట్లాగూ కావాలి. క్యాపుతో కలిపి 850 తీసుకున్నాడు. పొద్దున తొమ్మిదికి వెళ్తే భోజనాల వేళ దాటింది. మధ్యలో రెండు ట్రాక్టర్లు వచ్చాయి, వాటికే ముందు మర్యాద.

మీటరు నిజం చెప్తోందో లేదో తేల్చుకోవడానికి నాకు ఒక చిట్కా చెప్పాడాయన. ఏ గేరైనా సరే, గేరు మార్చకుండా స్పీడు రెండింతలు చేస్తే ఆర్పీఎం కూడా సరిగ్గా రెండింతలు కావాలి. మర్నాడు ఆదివారం తెల్లవారుజామున ఎయిర్ బైపాస్ రోడ్డు మీద, ట్రాఫిక్ లేనప్పుడు, మూడో గేర్లో ముందు 25లో, తర్వాత 50లో పోయి చూశా. ముల్లు గీత తప్పలేదు. ఇంతకు ముందు ఇదే పరీక్ష చేసుంటే ఎగిరే ముల్లు సంగతి పది నిమిషాల్లో తేలిపోయేది. స్లో ఆర్పీఎం అయితే ఆ నెలలోనే ఆయిల్ మార్పించడానికి వెళ్లినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్ల క్లిప్ మీటరుతో పోల్చా. వాళ్లది 1,050, నాది 1,100 కంటే కొంచెం కింద. నాకది చాలు.

జూలై 27న కొండకి వెళ్లాం, నేనూ మా ఆవిడా. అలిపిరి చెకింగ్‌లో సెక్యూరిటీ అబ్బాయి సంచి చూసి, మీటరు చూసి "ఇదేంది సార్, కొత్త మోడలా?" అన్నాడు. ఘాట్ మీద పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కాబట్టి తొందర లేదు. ముల్లు రెండు వేల కిందికి జారబోతే గేరు తగ్గించడం, మూడు వేలు దాటాక పెంచడం, అంతే పని. మలుపుల్లో మీటరు వైపు చూడను, మలుపు అయిపోయి బండి నిటారుగా నిలిచాకే ఓ చూపు. మా ఆవిడ దారి పొడవునా ఏమీ అనలేదు. పైన జీఎన్‌సీ టోల్‌గేట్ దగ్గర దిగాక "నిద్ర పట్టేసిందనుకున్నావా?" అని అడిగింది.

మీటరు పెట్టాక తెలిసిన ఇంకో సంగతి. ఊళ్లో నేను గేరు చాలా ముందే పెంచేస్తున్నా. నాలుగో గేర్లో పదిహేను వందల దగ్గర బండిని ఈడుస్తున్నా. చెవి బాగున్నప్పుడు కూడా అట్లానే నడిపానేమో ఎవరికి తెలుసు, బుల్లెట్ వాళ్లకి ఆ నెమ్మది డుగ్గు డుగ్గు అంటే ఇష్టం కదా. ఇప్పుడు రెండు వేల కింద నాలుగో గేరు వేయడం మానేశా. మైలేజీ తగ్గుతుందని భయపడ్డా, చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

డబ్బు లెక్క అడిగేవాళ్ల కోసం: మీటరు 2,100, మొదటి షాపు 500, పెద్దాయన 850, చెన్నై రైలు, ఆటో, భోజనం, తిరుగు బస్సు కలిపి 700 పైన. అమ్మేసిన మొదటి మీటరు మీద పోయింది 350. మొత్తం నాలుగున్నర వేలు. చెన్నై వెళ్లకుండా సరైన డయల్ దొరికి, నేరుగా సాల్డరింగ్ తెలిసినవాడి దగ్గరికి పోతే మూడు వేలల్లో అయిపోతుంది. ఆర్ఎక్స్ 100 కుర్రాడు కూడా బిగించుకుంటానంటే ఒకటే చెప్పా: వాడిది సీడీఐ బండి, అంటే స్పార్కు పుట్టించే పద్ధతే వేరు, కాయిల్‌కి వచ్చే వైర్లోనే రెండు మూడు వందల వోల్టులు నేరుగా వస్తాయి, మీటరు దానికి తట్టుకుంటుందని రాసి లేకపోతే ఆ వైరు ముట్టుకోవద్దు. సిగ్నల్ వైరుని ప్లగ్గు వైరు మీద నాలుగైదు చుట్లు చుట్టి చూడమన్నా. చుట్లు తక్కువైతే ముల్లు లేవదు, ఎక్కువైతే లెక్క తప్పుతుంది, ఒక్కొక్కటీ పెంచుకుంటా పోవాలి.

రాత్రిపూట మీటరు లైటు నీలంగా కళ్లలో పొడుస్తోంది, అద్దం మీద సన్ కంట్రోల్ ఫిల్మ్ ముక్క ఒకటి అంటించా. ఆగస్టులో రెండు పెద్ద వానలు పడ్డాక అద్దం లోపల ఆవిరి పట్టింది. విప్పి ఎండలో పెట్టి, వెనక వైర్లు దూరే చోట సిలికాన్ పూశా. అడుగున ఉన్న సన్న రంధ్రం మాత్రం మూయలేదు, లోపలికి చేరిన తేమ పోవడానికి ఉన్న దారి అదొక్కటే అని పెద్దాయన గట్టిగా చెప్పాడు.